రెండు భాగాల సింఫనీ

మొన్న అయిజ దగ్గర జొన్నచేలో పిట్టలు రాకుండా కట్టిన క్యాసెట్ టేపు ఎండకు మెరుస్తుంటే, నా చిన్నప్పుడు వనపర్తిలో మా చిన్నమ్మ వినే క్యాసెట్ గుర్తొచ్చింది.

అందులో పాతకాలపు ఆస్ట్రియా స్వరకర్త సింఫనీ ఉండేది. వయొలిన్లన్నీ కలిసి ఎక్కడికో తీసుకుపోతున్నట్టే ఉండి, రెండు భాగాలకే ఆగిపోయేది. మిగతాది నాకు దొరకకుండా దాచారని నా అనుమానం. మంచం కింద, ట్రంకుపెట్టెలో వెతికి వెతికి విసిగిపోయాను.

"ఇంకో క్యాసెట్ ఏడ దాచినవ్ చిన్నమ్మా?"

"దాచలే బిడ్డా. నాలుగు భాగాలు రాయాల్సింది, గాయన రెండే రాసి ఇడిచిపెట్టిండు."

"సచ్చిపోయిండా?"

"లే. ఇంకా కొన్నేండ్లు బతికిండు. వేరేయి మస్తు రాసిండు."

నాకు ఒళ్లు మండింది. "మేం అన్నం సగంల లేస్తే అమ్మ తిడ్తది. ఎందుకిడిచినవని ఆయన్ని ఎవ్వరూ అడగలేదా?"

చిన్నమ్మ ముఖం వాడిపోయింది. "అడిగే ఉంటరు," అంటూ టేప్‌రికార్డర్ ఆపేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. కోపంతో నేను ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

చిన్నమ్మ నర్సింగ్ చదువు మధ్యలో మానేసి ఇంటికొచ్చిన వేసవి అది. వచ్చినవాళ్లందరూ ఎందుకు మానేశావని అడుగుతూనే ఉన్నారు. నేనూ అదే అడిగానని అప్పుడు నాకు తెలియలేదు.