మూడు గెలల చోటు

మా మినీ వ్యాను తలుపు మీద తెల్లరంగుతో రెండు అంకెలు రాసి ఉంటాయి. ఖాళీ బరువు ఎనిమిది వందల యాభై కిలోలు, మొత్తం బరువు పదహారు వందలు. కొన్న కొత్తలో ఆ పదహారు వందలూ సరుకు బరువే అనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

కామవరపుకోట దగ్గర తోటలో పామాయిల్ గెలలు ఆ లెక్కనే నింపుకొని పెదవేగి ఫ్యాక్టరీ వైపు బయలుదేరాం. పల్లంలో బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. స్టీరింగు మాట వినలేదు. ఎలాగో రోడ్డు పక్క మట్టిలోకి దింపి ఆపాను. పక్క సీట్లోంచి మా ఆవిడ దిగి, తలుపు మీది అంకెలు చదివింది.

"ఏవండీ, మొత్తం అంటే బండితో కలిపండీ. మీరూ నేనూ కూడా అందులోనే ఉన్నాం."

సగం గెలలు అక్కడే దింపేశాం. అప్పటి నుంచి లోడు లెక్క ఆవిడదే. పదహారు వందల్లోంచి బండిని తీసేసి, నన్ను తీసేసి, "నా అరవై కూడా తీసెయ్యండి" అనేది.

"పోనీ నువ్వు దిగు, మూడు గెలలు ఎక్కుతాయి" అని ఏడిపించేవాణ్ణి.

"ఇంట్లో గోడలతో మాట్లాడమంటారా?" అని కదిలేది కాదు. మాకు పిల్లల్లేరు. మోకాళ్ల నొప్పులని, ఫ్యాక్టరీలో బండిని తూచే కాటా మీద కూడా దిగేది కాదు. నిండు బండికీ ఖాళీ బండికీ ఆవిడ బరువు కలిసే పడేది.

నిరుడు వానల్లో జ్వరం వచ్చి చనిపోయింది. ఇప్పుడు గోడలతో మాట్లాడేది నేనే.

నెల తరవాత మళ్లీ బండి తీశాను. గెలలు ఎక్కిస్తున్న ముఠా మేస్త్రి నా దగ్గరికి వచ్చాడు.

"బాబాయి గారూ, తప్పుగా అనుకోకండి. పిన్ని గారు లేరు కదండీ, ఇంకో మూడు గెలలు పడతాయండీ."

ఒళ్లు మండింది. కానీ లెక్క ఆవిడ నేర్పిందే, తప్పు పట్టడానికి లేదు. ఎక్కించమన్నాను.

కాటా గుమస్తా నిండు బండిని తూచి, చీటీ చింపి ఇస్తూ, "ఎప్పుడూ వచ్చే బరువే వచ్చిందండీ" అన్నాడు.

ఆ మాటతో ప్రాణం ఉసూరుమంది. ఇన్నేళ్లు పక్కన కూర్చున్న మనిషి లేదని ఆ ఇనప పలకకి తెలియనే తెలియదు. వెనక లారీ హారన్ కొడుతున్నా చాలాసేపు బండి కదపలేకపోయాను.

మర్నాటి నుంచి మూడు గెలలు తక్కువే ఎక్కిస్తున్నాను. మేస్త్రి ఆ మూడూ తనే పక్కన పెట్టేస్తాడు. గుమస్తా మాత్రం చీటీ చూసి, "అరవై కిలోలు తగ్గిందేమిటండీ?" అంటాడు.

"అవునండీ, తగ్గింది" అంటాను.