చితికిన తెల్లకణాలు

స్లైడు మీద రంగు పోస్తే లేచే స్పిరిటు వాసనకి ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అమలాపురంలో నాకు ల్యాబు పని నేర్పిన సత్యవతి గారు గుర్తుకొస్తారు. రక్తపు చుక్కను గాజు పలక మీద అంత పల్చగా లాగే చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. నోరూ అంతే. నా స్లైడులో కణాలు చితికి కనిపిస్తే చాలు, వచ్చినవాళ్ళందరి ముందూ కడిగేసేవారు. “రక్తం లాగేవా, పేడ అలికేవా? పారేసి మళ్ళీ తియ్యవే!” “ఆయ్, అలాగేనండీ” అని పారేసేదాన్ని. కణం చితికిందంటే తప్పు నా చేతిదే. ఆరేళ్ళలో నాకు బాగా వంటబట్టిన పాఠం అదే.

ఒక వేసవిలో ఆవిడ మెడ మీద బిళ్ళలు కట్టాయి. “నీరసంగా ఉంటోందే, నా రక్తం ఓసారి చూడు” అని చెయ్యి చాపారు. కణాలు లెక్కపెట్టే మెషిన్ రిపేరుకి వెళ్ళింది. మూడు స్లైడులు తీశాను. మూడింటిలోనూ తెల్లకణాలు చితికిపోయాయి. ఆవిడ రక్తాన్నే పాడుచేశానని హడలి, మూడూ చెత్తబుట్టలో పడేశాను. నాలుగోదాంట్లో కాస్త బాగున్న చోటు వెతికి, నిలిచిన కణాలనే లెక్కపెట్టి నార్మల్ అని రాసిచ్చాను. ఆవిడ నమ్మారు.

నెలలు గడిచాక కాకినాడలో అది రక్త క్యాన్సరని తేలింది. “తెల్లకణం ఒంటి మీద రిసెప్టర్ అని ఉంటుందమ్మా. క్రిమి తగిలినప్పుడే అది ‘పెరుగు’ అని లోపలికి కబురు పంపాలి. ఈవిడకి క్రిమి లేకపోయినా పంపుతూనే ఉంది” అన్నారు డాక్టరు గారు. “కొందరికి ఏళ్ళ తరబడి మందే అక్కర్లేదు. ఈవిడ రిసెప్టరు జబ్బును త్వరగా ముదరబెట్టే రకం. కాస్త ముందు రావలసింది.” ఆ కబురును ఆపే మాత్రలు మొదలుపెట్టారు.

మంచం పక్కన కూర్చుని చెప్పేశాను. “మేడమండీ, చితికిన కణాలు కనబడ్డాయండీ. పారేశాను.”

ఆవిడ నా వైపు తిరిగారు. “ఈ జబ్బులో కణాలు పెళుసే. ఎవరు లాగినా చితుకుతాయి. నాకు తెలుసు. నీకు చెప్పలేదు కదూ?”

“ఎందుకు చెప్పలేదండీ?”

“భయం ఉంటే పని శ్రద్ధగా చేస్తావనుకున్నానే.”

మాత్రలు పని అందుకునేలోపే న్యుమోనియా వచ్చి పోయారు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే అమ్మాయిలు పాడైన ప్రతి స్లైడూ తెచ్చి చూపిస్తారు. విసుగొచ్చినా చూస్తాను. ఆవిడ మీద కోపం మాత్రం పోలేదు. ‘మీరంటే భయంతోనే పారేశానండీ’ అని ఆ రోజు మంచం పక్కన నోటిదాకా వచ్చింది. తిడతారని భయపడి మింగేశాను.