నేను నోరు మూయించిన కుక్క

కంఠేశ్వర్‌లో గుడి దాటాక ఎడమవైపు సందులో ఒక పాత పెంకుటిల్లు, దాని వెనక చుట్టూ గోడ ఉన్న ఖాళీ జాగా కిరాయికి తీసుకొని కుక్కలకు ట్రైనింగ్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మా అమ్మ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆమె బతుకంతా బీడీలు చుట్టి నన్ను చదివించింది. "గింత సదివిచ్చింది కుక్కలకు అంగన్‌వాడీ పెట్టనీకేనా?" అని ఒళ్లో చాట పెట్టుకొని ఆకు కత్తిరిస్తూనే అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. అంతకుముందు చాలా ఏళ్లు పశువుల డాక్టరు దగ్గర పనిచేశాను. హైదరాబాద్‌లో పోలీసు కుక్కలను చూసుకొని రిటైరైన ఒకాయన దగ్గర ఆరు నెలలుండి పని నేర్చుకున్నాను. పొద్దున ఆఫీసులకూ దుకాణాలకూ పోయేవాళ్లు తమ కుక్కలను నా దగ్గర దింపి సాయంత్రం తీసుకుపోయేవారు. పిలిస్తే రావడం, కూర్చోమంటే కూర్చోవడం, మనుషుల మీదికి ఎగబడకపోవడం నేర్పేదాన్ని. ఒక జీవం మన నోటి మాటకు లోబడి నిలబడితే లోపల ఒక గర్వం పుడుతుంది. నాకూ పుట్టింది.

రెండో ఏడు ఒక బడి టీచరు వచ్చింది. నాకంటే కొంచెం చిన్నది. భర్త దుబాయిలో ఉంటాడు. తల్లి పోయాక బోధన్ దగ్గరి పల్లె నుంచి తండ్రిని తన దగ్గరికి తెచ్చుకుంది. ఆయన పొలం కౌలుకిచ్చి, రెండు బట్టల సంచులతో, ఒక కుక్కతో ట్రాలీ ఆటోలో వచ్చి దిగాడట. కుక్కను అక్కడే వదిలి రమ్మంటే తానూ రానన్నాడట.

"ఇంటి ఓనరమ్మ ముందట భాగంల ఉంటదక్కా, మేము ఎన్క రెండు అర్రలల్ల ఉంటం," అంది టీచరు. "ఇది తెల్లారకముందే మొదలుపెడ్తది. పాలాయన వచ్చినా మొరుగుడే, పిల్లి ఉరికినా మొరుగుడే. కుక్కనన్న పంపుండ్రి, మీరన్న పోండ్రి అంటున్నది ఆమె. జర ఎట్లన్న చేసి దీని మొరుగుడు బంద్ చేయిండ్రి."

ఎర్రటి ఊరకుక్క అది. ఒక చెవి సగం చిరిగి ఉంది. ఎప్పుడూ గొలుసు ఎరగనిది కావడంతో మెడలో పట్టీ వేస్తే తల పక్కకు వంచి దాన్ని నాకడానికి చూస్తోంది. దానికి పేరంటూ లేదు. పెద్దాయన "కొడుకా" అని పిలుస్తాడు, అది వస్తుంది.

ఆయన గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని మా మాటలు విన్నాడు. కూతురు బడికి టైమైందని స్కూటీ మీద వెళ్లిపోయాక నన్ను దగ్గరికి పిలిచాడు.

"బిడ్డా, అది ఉత్తగనే మొరుగది. ఏదన్న ఉంటెనే మొరుగుతది. చెరుకుల అడివిపంది వడ్డదంటె ఒకతీరు, పాము కనవడ్డదంటె ఒకతీరు, మనిషొచ్చిండంటె ఒకతీరు. ఒకపారి నేను గుడిసెల పగటీలి కునుకు తీస్తుంటె పక్కపొంటి తోటకు నిప్పంటుకున్నది. నన్ను లేపింది గిదే. జర విను, నీకే ఎర్కయితది."

"ఊర్ల నడుస్తది గని పట్నంల గట్ల నడవది బాపూ," అన్నాను. నా గొంతులో ఉన్నది మర్యాదే కానీ, ఆయన మాట నా చెవిలోకి పోలేదు. కుక్కల గురించి ఎవరో ముసలాయన నాకు చెప్పడమేమిటన్న భావం నాలో ఉందని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఆయన కర్ర పట్టుకొని లేచి, కుక్క వీపు మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టి వెళ్లాడు.

మొరగడం మాన్పించడానికి చాలా పద్ధతులున్నాయి. ఓపిక ఉంటే, అది దేన్ని చూసి మొరుగుతోందో కనిపెట్టి, దానికి అలవాటు చేసి, నిమ్మళంగా మార్చవచ్చు. దానికి నెలలు పడుతుంది. ఓనరమ్మ తొందరపెడుతోందని టీచరు నన్ను తొందరపెట్టింది. నేను తొందరైన దారి పట్టాను. ఖాళీ పాలపొడి డబ్బాలో గులకరాళ్లు వేసి మూత బిగించాను. అది నోరు తెరిచిన మరుక్షణం డబ్బా దాని కాళ్ల ముందు పడేది. ఆ వెంటనే నా నోటి నుంచి ఒకే మాట, "చుప్!" అది నిశ్శబ్దంగా ఉంటే చిన్న బిస్కెట్టు ముక్క.

నాలుగో రోజు డబ్బా చప్పుడుకు అది నిలబడ్డ చోటనే మూత్రం పోసుకుంది. నేను బకెట్టుతో నీళ్లు తెచ్చి గచ్చు కడిగాను, మళ్లీ మొదలుపెట్టాను. నాకు నేర్పినాయన ఇలాంటిది చూస్తే పని ఆపి పొమ్మనేవాడు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టకపోలేదు. తట్టినా ఆపలేదు.

నెల తిరిగేసరికి డబ్బా అవసరం లేకపోయింది. గేటు అవతల గొర్రెల మంద పోయినా, పక్కనున్న కుక్కలన్నీ గొంతెత్తినా అది నా ముఖం వైపు చూసి కూర్చునేది. నేను ఫోన్లో వీడియో తీశాను. ఆ వీడియో చూసి నా దగ్గరికి కొత్తవాళ్లు వచ్చారు. టీచరు నా రెండు చేతులూ పట్టుకొని సంబరపడింది.

పెద్దాయన ఆ రోజు కూడా వచ్చాడు. కుక్కను చూసి, వంగి, దాని కనురెప్పలు పైకెత్తి చూశాడు.

"దీనికి పాణం బాగలేదా బిడ్డా?"

"మంచిగనే ఉన్నది బాపూ. బుద్ధి నేర్సుకున్నది," అని నవ్వాను.

ఆయన నవ్వలేదు.

ఇది జరిగిన రెండు నెలలకు, వానాకాలంలో ఒక బుధవారం, టీచరు పొద్దున తొమ్మిదింటికి బడికి పోయింది. పెద్దాయన పెరట్లో నల్లా దగ్గర కాళ్లు కడుక్కోవడానికి పోయి పడిపోయాడు. పక్షవాతం. సాయంత్రం నాలుగున్నరకు కూతురు తిరిగి వచ్చేదాకా ఆయన ఆ తడి గచ్చు మీదే ఉన్నాడు. మధ్యలో రెండుసార్లు తుంపర కురిసింది. టీచరు వెళ్లి చూసేసరికి కుక్క ఆయన పక్కటెముకలకు ఆనుకొని పడుకొని ఉంది. తల మాత్రం లేపింది. నోరు విప్పలేదు.

నాకు మరునాడు ఫోన్ వచ్చింది. ఆస్పత్రికి ఉరికాను. వార్డు బయట బెంచీ మీద టీచరు, ఆమె పక్కన ఇంటి ఓనరమ్మ కూర్చొని ఉన్నారు. నేనెవరో తెలియక ఓనరమ్మ నాకు జరిగిందంతా మొదటి నుంచి చెప్పింది.

"నేను పొద్దుగాల్నించి ఇంట్లనే ఉన్ననమ్మా. టీవీ సూస్కుంట బియ్యం ఏరుకుంటున్న. ఆ కుక్క మూడు నాలుగుసార్లు నా తలుపు కాడికి వచ్చింది. కాళ్లకు బురద. అరుగంత ఖరాబ్ చేసింది. నిలవడి నా మొకం సూసుడే. ఆకలైతుందేమో అని రొట్టె ముక్క ఏసిన. తినలేదు. మళ్ల ఎన్కకు వోయింది, మళ్ల వచ్చింది. నోరు తెర్వలే." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మొరిగితే లేసి సూస్తుంటి గదమ్మా. ఒక్కపారి మొరిగినా సూస్తుంటి."

నేను ఆ బెంచీ మీద కూర్చోలేకపోయాను. గోడకు ఆనుకొని నిలబడ్డాను. టీచరు నా వైపు చూసింది. ఆమె కళ్లు రాత్రంతా నిద్ర లేక ఎర్రబడ్డాయి.

"నేను నిన్నేమంటలేనక్కా," అంది మెల్లగా. "మొరుగొద్దని అడిగింది నేనే గద."

అప్పుడు గాని ఓనరమ్మకు నేనెవరో అర్థం కాలేదు. ముందే తెచ్చి ఉంటే ఇంత నష్టం జరగకపోయేదేమోనని డాక్టరు అన్నాడట. ఎంత ముందు, ఎంత తక్కువ అన్నది ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

పెద్దాయనకు కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. ఇంటికి తెచ్చాక నేను మూడుసార్లు వెళ్లి చూశాను. దిండు సరిచేశాను. బత్తాయిలు తీసుకుపోయాను. కుక్క సరిగా తింటోందని, ఒళ్లు బాగుందని చెప్పాను. ఆయన నా వైపు చూస్తూ పడుకునేవాడు. ఆ చూపులో కోపముందో, మరేముందో నాకు తెలియలేదు. నాకు క్షమాపణ అడగాలని ఉండేది. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న ప్రతిసారీ ఆ మాట గొంతు దాకా వచ్చేది, నేను మాత్రం టైముకు మందులు వేస్తున్నారా అని టీచరును అడిగి లేచి వచ్చేదాన్ని. ఆయన చెవులు బాగానే పనిచేసేవి. నేను అని ఉంటే వినేవాడు.

కుక్కను కొన్నాళ్లు నా దగ్గర ఉంచుతానని తీసుకొచ్చుకున్నాను. డబ్బా పారేశాను. నేర్పినదాన్ని మరిపించడం కూడా నేర్పినట్టే సాధ్యమనుకున్నాను. మొరిగే కుక్కల మధ్య దాన్ని వదిలాను. అపరిచితుల చేత గేటు కొట్టించాను. బంతి దాచిపెట్టి ఊరించాను. ఎప్పుడైనా దాని గొంతులో చిన్న గురగుర పుడితే చాలు, చికెన్ ముక్క పెట్టి మెచ్చుకునేదాన్ని. ముక్క తిని, నా ముఖం చూసి, చుప్‌గా కూర్చునేది.

చెరుకు కొట్టే కాలం వచ్చాక ఒక ఆదివారం దాన్ని బోధన్ వైపు పెద్దాయన పొలానికే తీసుకుపోయాను. కౌలుకు తీసుకున్న రైతు పోయిన ఏడు వేసిన చెరుకు కోతకొచ్చింది. మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు మరాఠీలో ఒకరినొకరు కేకలేసుకుంటూ నరుకుతున్నారు. కుక్క ట్రాలీ ఆటో దిగగానే మారిపోయింది. తోక నిలబడింది. గట్టు మీద ముక్కు ఆనించి ఉరికింది, కాలువ దూకింది, గుడిసె చుట్టూ తిరిగింది. అన్ని నెలల్లో దాన్ని అంత సంతోషంగా నేను చూడలేదు. నాలో ఆశ పుట్టింది.

మధ్యాహ్నం దాటాక, నరకకుండా మిగిలిన చెరుకులోంచి ఒక అడవిపంది బయటపడింది. కూలీల కుక్కలు, ఊరి కుక్కలు ఒక్కసారిగా లేచి దాని వెంట పడ్డాయి. మా కుక్క కూడా నాలుగడుగులు ఉరికింది. ఒళ్లంతా వణికింది. నోరు తెరిచింది. పళ్లు కనిపించాయి. ఇక మొరుగుతుందనుకున్నాను. అది ఆగి, మెడ తిప్పి, అంత మందిలో నన్ను వెతికి పట్టుకుంది. నా ముఖం చూసింది. నోరు మూసింది. బెదురుతూ కూర్చుంది.

"మొరుగు!" అని అరిచాను. "మొరుగు కొడుకా, మొరుగు!" నేను అరిచిన కొద్దీ అది ఇంకా ఒదిగిపోయి నేలకు కరుచుకుంది. కౌలు రైతు నా పక్కకు వచ్చి, "మస్తు మాట ఇంటదమ్మా మీది," అన్నాడు. మెచ్చుకోవడానికే అన్నాడు.

ఎండాకాలం మొదట్లో పెద్దాయన పోయాడు. టీచరు బదిలీ మీద భీమ్‌గల్ వైపు వెళ్లింది, కుక్కను నా దగ్గరే ఉంచమంది. అప్పుడప్పుడు ఫోన్ చేసి దాని సంగతి అడుగుతుంది. తండ్రి గురించి మేము మాట్లాడుకోము.

డే కేర్ ఇప్పటికీ నడుస్తోంది. కొత్తవాళ్లు గోడ నీడలో పడుకున్న ఆ ఎర్ర కుక్కను చూసి, "మంచిగ ట్రైనింగ్ ఇచ్చినవక్కా, ఒక్కపారి సుత అరుస్తలేదు, మాదానికి సుత గిట్లనే నేర్పు," అంటారు. మొదట్లో తల ఊపేదాన్ని. ఇప్పుడు కూర్చోబెట్టి అడుగుతాను, పగలు ఇంట్లో ఎవరుంటారు, ముసలివాళ్లున్నారా, అది ఏ వేళ మొరుగుతుంది, దేన్ని చూసి మొరుగుతుంది అని. ముందు ఒక రోజు వాళ్లింట్లో కూర్చొని దాన్ని విన్నాకే పని ఒప్పుకుంటాను.

పోయిన వారం ఒకాయన బండి మీద ముందర నల్లటి కుక్కను కూర్చోబెట్టుకొని వచ్చాడు. నేను అడిగినవన్నీ విని విసుక్కున్నాడు. "మొరుగుడు బంద్ చేస్తవా చెయ్యవా, గది చెప్పక్కా. నువ్వు నా ఇంటికి వచ్చి కూసుండుడేంది?"

"ఇంట్ల ఎవలుంటరో ఎర్క లేకుంట చెయ్యనన్నా," అన్నాను.

ఇంకో ట్రైనర్‌ను చూసుకుంటానని బండి తిప్పాడు. సందు మలుపు దాటేదాకా ఆ కుక్క వచ్చేపోయేవాళ్ల మీద మొరుగుతూనే పోయింది. నేను గేటు పట్టుకొని, ఆ చప్పుడు ఆటోల మోతలో కలిసిపోయేదాకా వింటూ నిలబడ్డాను.