పట్టుపురుగుల ఇంట్లో పాప పరుపు

మా చెల్లెలికి ఏడో నెల. నిన్న ఫోన్ చేసి, "అక్కా, బిడ్డకు ఏమేమి కొనాల? ఊర్లకు పోయేటప్పుడు ఏ పరుపు మంచిది? నువ్వయితే అన్నీ చూసి చూసి కొన్నావు కదా" అని అడిగింది. లైన్ కట్ అయిందనుకుని అది మూడుసార్లు హలో అంది. లైన్ బాగానే ఉంది. నాకు పట్టుపురుగులు గుర్తొచ్చాయి, అంతే.

ఒక పరుపు కొని, దాంతో మా అత్త పంట మొత్తాన్ని ఒకే మధ్యాహ్నంలో ఎరువు గుంతలో వేయించబోయిన మనిషిని నేను. ఆ సంగతి ఒకసారి రాసి పెడితే ఇంక ఈ జన్మలో నన్నెవరూ సలహా అడగరు. మూడేళ్ళ నా కూతురు ఇప్పుడే కళ్ళు మూసింది. ఎంతసేపు మూసి ఉంచుతుందో హామీ లేదు. మధ్యలో వాక్యం తెగిపోతే కారణం మీరే ఊహించుకోండి.

అప్పుడు పాపకు తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలలూ అది నిద్రపోలేదు. అసలే పోలేదని కాదు, నేను పోగలిగిన వేళల్లో పోలేదు. నిద్ర లేని తల్లి చేతికి ఫోన్ ఇవ్వకూడదని ఏ డాక్టరూ ఎందుకు రాసివ్వడో నాకు తెలియదు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. ఎరుగదని వాళ్ళంత స్పష్టంగా చెప్పినా, నేను తెల్లవార్లూ సుఖమైన వస్తువులను వెతుకుతూ కూర్చునేదాన్ని. ముక్కూమొహం తెలియని తల్లులు రాసిన అభిప్రాయాలన్నీ చదివేదాన్ని. ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి కూడా అంత చదవలేదు.

అలా మా రాబర్ట్‌సన్‌పేట ఇంటికి పాపను ఎత్తుకునే సంచి ఒకటి వచ్చింది. ఏడు రకాలుగా ఎత్తుకోవచ్చట. ఏడింటిలోనూ క్లిప్పు మాత్రం సరిగ్గా నా వీపు మధ్యన, నా రెండు చేతులూ అందని ఒకే ఒక్క చోట పడేది. మా ఆయన రవి పొద్దున్నే బెంగుళూరు రైలెక్కితే చీకటి పడ్డాకే దిగుతారు. ఒకరోజు పాలు పోయడానికి వచ్చిన ఆమెను బతిమాలి విప్పించుకున్నాను. తరవాత కుందేలు చెవుల టోపీ ఉన్న రోంపర్ వచ్చింది. దానికి పదకొండు టిచ్ బటన్లు. ఎన్నిసార్లు పెట్టినా చివర ఒకటి మిగిలిపోయేది. మోకాళ్ళకు తొడుగులు వచ్చాయి, వాటిని పాప నమిలింది. అన్నిటికన్నా చివర, మకుటాయమానంగా, గొడుగు పరుపు వచ్చింది.

"ఇంగ ఏమి వచ్చింది?" అన్నారు రవి, పెట్టె చూసి.

"పరుపు."

"ఉండే పరుపు ఏమైంది?"

"అది ఇంటి పరుపు. ఇది ప్రయాణం పరుపు. దోమతెరతో సహా మడిచి భుజానికి తగిలించుకోవచ్చు."

"మనం యాడికి పోతా ఉండాము?"

నేను పెట్టె తెరిచి పరుపు బయటికి తీశాను. తాడు విప్పగానే అది మూత తీసిన సోడాలా ఎగిరి, నా గడ్డానికి తగిలి, నడింట్లో గుండ్రంగా నిలబడింది. విప్పడానికి అర క్షణం. మడవడానికి దాన్ని ఎనిమిది అంకెలా మెలిపెట్టాలి, అందుకొక వీడియో ఉంది. ఇద్దరం డిగ్రీలున్న వాళ్ళం ఆ వీడియోను ఆరుసార్లు చూశాం. మెత్తదనం, గాలి ఆడటం, అన్నిట్లోనూ దానికి మంచి పేరుంది. పాప మాత్రం అందులో ఒక్క పూట కూడా పడుకోలేదు. పడుకోబెట్టిన ప్రతిసారీ నేనేదో జైల్లో వేసినట్టు వల పట్టుకుని నావంక చూసేది.

సరే, కొన్నందుకు ప్రయాణం కావాలి కదా. ముళబాగిలు దగ్గర పల్లెలో ఉన్న మా అత్తగారింటికి నాలుగు రోజులు పోదామనుకున్నాను. బేతమంగళం మీదుగా బస్సులో, నాలుగు సంచులతో, ఒళ్ళో పాపతో, భుజాన పరుపుతో. పక్క సీటు పెద్దాయన ఆ గుండ్రటి మూట చూసి, "డోలు వాయిస్తావా అమ్మా?" అని మర్యాదగా అడిగాడు.

మా అత్తా మామా మల్బరీ తోట వేసి పట్టుపురుగులు పెంచుతారు. వాటికి ఇంటి వెనక విడిగా ఒక షెడ్డు ఉంది. నేను వెళ్ళిన రోజుల్లో పురుగులు చివరి దశలో ఉన్నాయి, ఇంకో రెండు రోజుల్లో గూళ్ళు కట్టేలా. మా అత్త నన్ను గుమ్మం దగ్గరే ఆపి నియమాలు చెప్పింది.

"కాళ్ళు ఈ బ్లీచింగ్ నీళ్ళలో ముంచి లోపలికి రావల్ల. పౌడరు కూడదు, సెంటు కూడదు, అగరబత్తి కూడదు. పోయిన పంట పాలరోగమొచ్చి అంతా గుంతలో వేసినాము. ఈ పంట చేతికి రావల్లమ్మా. ఇంగొకటి పోతే మీ మామ తోట పీకేస్తానంటాడు."

మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన రోజుకు రెండు మాటలు మాట్లాడతాడు. ఆ రోజు మొదటి మాట, "పీకేస్తా."

లోపల చూసి నాకు కళ్ళు తిరిగాయి. కిటికీలకు ఈగలు రాకుండా వలలు. గోడకు ఉష్ణోగ్రత చూపే మీటరు, సరిగ్గా ఇరవై ఐదు. కడిగిన నేల. దాని మీద వరసలుగా తట్లు, అంటే పురుగులు ఆకు మేసే అరలు. పైన కప్పుకు తడి గోనెలు. నేను నా కూతురికి కొనివ్వాలని ఫోన్లో గుర్తు పెట్టుకున్నవన్నీ ఇక్కడ పురుగులకు ఉన్నాయి. మూల వెదురు చంద్రికలు నిలబెట్టి ఉన్నాయి. అవి పురుగులు గూళ్ళు కట్టుకునే తడికలు.

"వీటిమీద వదిలితే కట్టేస్తాయా అత్తా?"

"పండిన పురుగు యాడబడితే ఆడ కట్టదమ్మా. చోటు చూసుకుంటాది. గాలి ఆడల్ల, ఆనుకునేదానికి మూల ఉండల్ల, కదలకుండా ఉండల్ల. నచ్చలేదంటే తల ఎత్తుకొని ఊరికే తిరుగుతాది."

నా పరుపు పెట్టె మీద కూడా దాదాపు అవే మాటలు రాసి ఉన్నాయి.

రెండో రోజు మధ్యాహ్నం అత్తా మామా సొప్పుకు బయల్దేరారు. సొప్పు అంటే మల్బరీ ఆకు. పోతూ పోతూ అత్త నాకు ఒక్కటే పని అప్పజెప్పింది.

"షెడ్డు వాకిట్లో కూచో హేమా. ఎవురొచ్చినా లోపలికి వదలద్దు. మా తమ్ముడొచ్చినా సరే."

కూర్చున్నాను. వాకిట్లో ఎండ. పాప పొద్దుటి నుంచి ఏడుస్తూనే ఉంది. రాగి సరి పెడితే ఉమ్మేసింది. గొడుగు పరుపులో వేస్తే జైలు చూపు చూసింది. ఎత్తుకుని తిరిగాను, పాడాను, చివరికి నేనూ కాసేపు ఏడ్చాను. అలా తిరుగుతూ షెడ్డు తలుపు దగ్గరికి వెళ్ళేసరికి పాప ఏడుపు ఆపింది. లోపల నుంచి వాన చప్పుడు. వేల పురుగులు ఒకేసారి ఆకు తింటుంటే చప్పుడు అచ్చం పెంకుల మీద సన్నటి వానలా ఉంటుంది. పాప కళ్ళు బరువుగా వాలాయి.

ఇక్కడ మీరు నా పక్షాన కాస్త ఆలోచించాలి. లోపల చల్లగా ఉంది, శుభ్రంగా ఉంది, ఈగ లేదు. అత్త ఎవర్నీ వదలొద్దంది గానీ నన్ను వదలొద్దని అనలేదు. నా కాళ్ళు బ్లీచింగ్ నీళ్ళలో ముంచాను. పాపకు నడక రాదు కాబట్టి కాళ్ళ నియమం దానికి వర్తించదని తీర్పు చెప్పుకున్నాను. గొడుగు పరుపు లోపల నేల మీద విప్పి, పాపను పడుకోబెట్టి, గాలి ఆడాలని జిప్పు సగం తెరిచి ఉంచాను. అది నిద్రపోయింది. ఆ పరుపులో, మొదటిసారి. ఒక్క ఐదు నిమిషాలు ఆ అద్భుతం చూద్దామని నేను గోడకు ఆనుకున్నాను. కంచే చేను మేసిందని సామెత. ఈ కంచె బిడ్డతో సహా చేన్లోకి పోయి గురక పెట్టింది.

"హేమా."

కళ్ళు తెరిస్తే అత్త. నెత్తిన సొప్పు మోపు.

"పాప యాడ?"

"పరుపులో అత్తా."

"పరుపులో యాడ?"

పరుపులో లేదు. కిందివరస తట్టులో, మల్బరీ కొమ్మల మధ్య, మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. కుందేలు చెవులు నిటారుగా ఉన్నాయి. ఒక చెవి మీద పురుగు, భుజం మీద రెండు. దీక్షగా ఏదో నములుతోంది. అత్త మోపు కింద పడేసి, నోట్లో వేలు పెట్టి తీసింది. ఆకు.

"ఆకేలే. ఏమీ కాదు" అంది. మరుక్షణం ముక్కు ఎగబీల్చింది. "ఏందమ్మా ఈ వాసన?"

"వాసనా? పౌడరు పూయలేదత్తా. సెంటు లేదు. అగరబత్తి లేదు" అన్నాను, కాస్త గర్వంగానే.

అత్త పాపను తిప్పింది. రోంపర్ వీపు మీద పసుపు పచ్చటి ఏనుగు బొమ్మ స్టిక్కరు.

"ఇదేమి?"

"అది... దోమలు రాకుండా అంటించేది అత్తా. ఆకుల నూనెది. బిడ్డలకు ఏమీ కాదు."

"బిడ్డలకు కాదు. దోమలకు?"

"అయితాది."

"దోమ అంటే ఏమి?"

"పురుగే అత్తా."

"ఇవేమి?"

నా ఎమ్మెస్సీ వైవాలో ఇంత సులభమైన ప్రశ్నలు ఎవరూ అడగలేదు. ఇంత సిగ్గుతో నేను జవాబూ చెప్పలేదు. పురుగును పారదోలేది పురుగును పారదోలుతుందని తెలుసుకోవడానికి నాకు ఒక పంట కావలసి వచ్చింది. పాప కూర్చున్న చోట వాన ఆగిపోయింది. ఆ తట్టులో పురుగులన్నీ తినడం మాని, తలలెత్తి, కదలకుండా ఉన్నాయి.

పాపను చంకనేసుకుని, పరుపును లాక్కుని బయటికి పరిగెత్తాను. చిత్రమేమిటంటే ఆ కంగారులో పరుపు ఒక్క మెలికకే మడత పడింది, వీడియో లేకుండా. అత్తా మామా ఆ వరస పురుగుల్ని కొమ్మలతో సహా తట్టల్లోకి ఎత్తి, దూరంగా పశువుల కొట్టం నీడలో పెట్టారు. కొత్త ఆకు వేశారు. మామ తట్ట దించి, నావంక చూసి, ఆ రోజు మాటలు రెండూ ఒకేసారి వాడేశాడు.

"పోయిన పంట పాలరోగానికి. ఈ పంట ఏనుక్కి."

ఇక తట్టల పక్కన కూర్చోవడమే. తింటే బతికినట్టు. తినకపోతే ఇవి గుంతలోకి, ఆ వాసన షెడ్డంతా పాకి ఉంటే మిగిలినవీ వెనకే. అంతలో రవి ఫోన్.

"పాప ఎట్లుండాది?"

"బాగుండాది. పురుగులే బాగలేవు."

జరిగింది చెప్పాను. రైలు చప్పుడులో ఏనుగు సంగతి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"మా అమ్మ ఏమన్నింది?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా?" అన్నారు ఆయన, గొంతు తగ్గించి. "అయితే పెద్దదే."

ఎండ కొట్టం గోడ దిగి, ఆవులు మేత తినే గాడి మీదికి వచ్చింది. ఆవులు పాలకు అరిచాయి. తట్టల్లో చప్పుడు లేదు. నేను బతుకులో చాలా పరీక్షల ఫలితాల కోసం కూర్చున్నాను గానీ, ఒక పురుగు నోరు తెరవాలని దేవుడికి మొక్కింది అదే మొదలు. పాపను ఒళ్ళో వేసుకుని నేనొకవైపు, అత్త ఒకవైపు. కాసేపటికి అత్త చెయ్యెత్తి నన్ను కదలొద్దంది. చెవి వంచింది.

చిటపట. ఒక చినుకు. ఇంకొకటి. తరవాత తట్ట నిండా జల్లు.

"తింటా ఉండాయి" అంది అత్త. అని, నా ఒళ్ళో పాపను తీసుకుని భుజాన వేసుకుంది. పాప ఆ చప్పుడు వింటూ రెండు నిమిషాల్లో నిద్రపోయింది. "దీనికి ఈ సద్దు కావాలంట. నువ్వు ఏమేమో కొంటావు" అంది, దాని వీపు నిమురుతూ. ఒక దోసెడు పురుగులు మాత్రం తేరుకోలేదు. వాటిని నాకు కనిపించకుండా తీసుకుపోయి గుంతలో వేసి వచ్చింది. షెడ్డులో మిగిలినవాటికి ఏమీ కాలేదు. పంట చేతికొచ్చింది. మామ తోట పీకలేదు.

ఇంతటితో అయిపోయుంటే నేను చెల్లెలికి ఏదో ఒక సలహా ఇచ్చి ఉండేదాన్ని. కానీ మా ఇంటికి వచ్చిన వారానికి, ఉతుకుదామని గొడుగు పరుపు విప్పాను. అది మామూలుగా ఎగిరి నా గడ్డానికి తగిలింది. మామూలు కానిది ఒకటుంది. వల, పుల్ల కలిసే మూలలో తెల్లగా వేరుశనగ కాయంత పట్టుగూడు. ఆ రోజు జిప్పు సందులోంచి పాప బయటికి వచ్చింది కదా, అదే సందులోంచి ఒక పురుగు లోపలికి పోయింది. మేము మడిచాం, మోశాం, బస్సులో కుదిపాం. అది అవేమీ పట్టించుకోకుండా ఇల్లు కట్టుకుని పడుకుంది.

ఫోటో తీసి పంపి, అత్తకు ఫోన్ చేశాను. తిడుతుందనుకున్నాను.

"గట్టిగానే కట్టిందే" అంది, పంటను చూసినట్టు. "నీ పరుపు మంచిదేనమ్మా. చోటు నచ్చకుంటే అది కట్టదు."

అన్ని వందల అభిప్రాయాలు చదివి కొన్న ఆ పరుపుకు వాడి చూసి ఇచ్చిన ఒకే ఒక్క మెప్పు అది.

రాత్రి రవి దాన్ని పీకేద్దామని చెయ్యి పెట్టారు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. కెమిస్ట్రీ పట్టా సాక్షిగా, పదకొండో బటన్ సాక్షిగా, పసుపు పచ్చ ఏనుగు సాక్షిగా అక్కడే ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఎవరి బిడ్డకూ ఏ పరుపు మంచిదో నేను చెప్పను, పురుగులున్న ఇంట్లోకి పాపను తీసుకుపోను, ఏ ఇంట్లోనైనా సరే, ఎక్కడైనా సరే, నిద్రపోతున్న ప్రాణిని దాని చోటు నుంచి కదిలించను. పరుపును అలాగే విప్పి బీరువా మీద పెట్టాం. గూట్లోంచి రెక్కల పురుగు బయటికి వచ్చేదాకా, ఆ పది రోజులూ, మా ఇంట్లో కంటినిండా నిద్రపోయింది అదొక్కటే.