తాళం వేసిన బావి, నా బిడ్డ కలరా

వరద తగ్గిన మూడో రోజు పొద్దున మా ఆరేండ్ల మరియ జొన్న గటక ముట్టలేదు. మధ్యాహ్నానికి బియ్యం కడిగిన నీళ్లలా విరేచనాలు. సాయంత్రానికి కళ్లు లోపలికి పోయాయి.

ఎల్లారెడ్డి దగ్గర మా ఊరు. వాగు పొంగి మా వాడ తాగునీళ్లు తోడుకునే చెలమను బురదతో పూడ్చింది. ఊరి పెద్ద పటేలు బావి గట్టు మీద ఉండి మునగలేదు. పిల్లల కోసం కుండ పట్టుకుపోతే ఆయన బావి గేటుకు తాళం వేయించాడు.

"మీరు ముడితే బాయి మైలపడతది. వాగుల నీళ్లు లేవా?"

ఆ వాగు నీళ్లే తాగించాను. ఆ వారం మా వాడలో ఇద్దరు పిల్లలను పూడ్చిపెట్టాం.

ఎల్లారెడ్డి దవాఖానలో డాక్టరు మరియ చెయ్యి పట్టుకుని, "కలరా. పల్స్ అందుతలేదు" అని సెలైన్ ఎక్కించాడు. తెల్లారి కళ్లు తెరిచింది. బతికిందనుకున్నాను. కానీ రెండు రోజులైనా మూత్రం రాలేదు, ముఖం ఉబ్బింది. "కిడ్నీలు పనిచేస్తలేవు" అని మోటారులో కామారెడ్డి పంపించారు. అక్కడ పది రోజులు మంచం పక్కన నేలమీద కూర్చుని పటేలు వంశం నాశనం కావాలని దేవుణ్ణి అడిగాను. ప్రార్థన అని చెప్పను, అది శాపమే.

మరియ కోలుకుంది. మరుసటి వానకాలం మళ్లీ వాగు పొంగింది. ఎల్లారెడ్డి తోవ మునిగింది. పటేలు మా గుడిసె ముందుకు తనే వచ్చాడు.

"శాంతమ్మా, నా మనుమరాలికి గదే రోగం. నువ్వు చూసినదానివి. జర రావమ్మా."

నాకు సంతోషమైంది. దాచుకోను.

"పసిపిల్ల ఏం చేసిందే?" అన్నాడు మా ఆయన.

"మన వాడ పిల్లలేం చేసిండ్రు?" అన్నాను. అయినా కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు, బెల్లం కలిపి మా ఆయన చేతికిచ్చి, "నువ్వు ముందు పో. చెంచతోని పోస్తనే ఉండు" అన్నాను. తర్వాత పటేలు వైపు తిరిగాను.

"తాళం తియ్యి. మా వాడ కుండలన్నీ నిండినంక నేనొస్త. అందాక నువ్వు బాయికాడనే నిలబడు."

నిలబడ్డాడు. ఒక్కొక్క కుండ నిండుతుంటే తల వంచుకుని చూశాడు. పూడ్చిన ఇద్దరు పిల్లల తల్లులను ముందు తోడమన్నాను. అప్పుడు వెళ్లాను. మూడు రోజులు కూర్చుని ఆ పిల్లను బతికించాను.

ఇప్పుడు మరియకు పదకొండేండ్లు. ఉప్పు ఎక్కువైతే కాళ్లు వాస్తాయి, చప్పిడి తింటుంది. పటేలును నేను క్షమించలేదు. ఎదురుపడితే దారి తప్పుకునేది ఆయనే.

మీకు చెప్పేది ఒక్కటే. వాన ముసురు పట్టగానే నీళ్లు కాచి మూతపెట్టుకోండి. విరేచనాలు పట్టిన పిల్లకు నీళ్లు ఆపకండి, చెంచాతో పోస్తూనే ఉండండి. ఆ పిల్ల ఎవరి బిడ్డయినా సరే.