పక్కవాటా ముగ్గు

రేపల్లె నుంచి తెనాలి వచ్చి, ఈ పాతింట్లో వాటా అద్దెకు దిగి పదిరోజులైంది. వీధి గుమ్మం ఒక్కటే. అందుకని ముగ్గు ఒకరోజు నేనూ, ఒకరోజు పక్కవాటా శారదగారూ వేస్తాం. ఆవిడ ముగ్గంటే వీధంతా మెచ్చుకోళ్ళే. నాకేమో ఒళ్ళుమంట. మొన్న నా ముగ్గు మీంచే మా ఆయన సైకిలు నడిపించుకుపోయారు!

ఇవ్వాళ నా వంతు. పంతం పట్టి, అందరికంటే ముందే లేచి పదిహేను చుక్కల ముగ్గేశాను. ఆఫీసుకు బయల్దేరిన మా ఆయన సైకిలెత్తి పట్టుకుని, చెరక్కుండా పక్కనుంచి దాటారు. నా ప్రాణం లేచొచ్చింది.

"ఏంటండీ, అంత జాగ్రత్త?" అన్నాను.

"పాపం, శారదగారు అంత కష్టపడి వేశారు. తొక్కితే ఏం బాగుంటుందే?"

నాదేనని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. మీరైతే చెబుతారా? చెబితే ఎల్లుండి నా ముగ్గు మీద మళ్ళీ చక్రం గీతే!