ముప్పై ఒక్కమంది వంటవాళ్ళు

తప్పు చేసి ఊరిని నవ్వించినవాళ్ళు చాలామంది ఉంటారు. ఒక్క మాట రాయడం మానేసి, రెండు వందల మందిని ఉగాది పూట మధ్యాహ్నం మూడున్నర దాకా పస్తు ఉంచిన ఘనత మాత్రం, నాకు తెలిసినంతలో, నా ఒక్కదానిదే. పైగా ఆ రెండు వందల మందిలో ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. తిట్టలేదు కాబట్టే ఇలా కాగితం మీద పెట్టాల్సి వస్తోంది.

తొంభైల చివరి మాట. మా నాన్న బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. డిగ్రీ అయ్యాక నేను ఊళ్ళోనే మలంచా అనే పేటలో ఒక కంప్యూటర్ సెంటర్లో ఆరు నెలల కోర్సులో చేరాను. చివరి నెలంతా వెబ్ పేజీలు, అందులో చివరి వారం ఫారాలు. పేరు రాయడానికి ఒక పెట్టె, ఎంచుకోవడానికి ఒక జాబితా, కింద నొక్కడానికి ఒక మీట. ఏ పెట్టె ఎలా నడుచుకోవాలో దాని పక్కనే చిన్న చిన్న మాటలు రాసి చెప్పాలి: ఎన్ని అక్షరాలు పట్టాలి, ముందుగా ఏది ఎంచి ఉండాలి, ఏది ముట్టుకోనివ్వకూడదు. వాటిని ఆట్రిబ్యూట్లు అంటారు. కొత్త కోడలికి అత్తగారు చెప్పే జాగ్రత్తల్లాంటివన్నమాట. చెప్పకపోతే కోడలు తనకి తోచింది చేస్తుంది, తర్వాత మనం ఏడవకూడదు.

నేను సాధన కోసం చేసిన మొదటి ఫారంలో ఒకే మనిషి ఆడా మగా రెండూ కావచ్చు. పక్కపక్కన ఉన్న రెండు గుండ్రాలకీ ఒకే పేరు పెడితేనే ఒకటి నొక్కినప్పుడు రెండోది తప్పుకుంటుందని నాకు తెలియదు. "అరే, ఆ రెంటికీ ఒకే ఇంటిపేరు పెట్టమ్మా! లేకపోతే ఒకదాన్నొకటి ఎలా గుర్తుపడతాయి?" అని మా టీచరు దీదీ తల బాదుకుంది. ఆ వారంలో ఆరు రోజులు నేర్చుకున్నాను. ఏడో రోజు జ్వరం. ఆ రోజు ఏం చెప్పారో నాకు ఉగాది నాడు తెలిసింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా కోర్సు చేసినవాళ్ళు పొద్దే కాదు, పొయ్యి కూడా ఎరగరు.

మా కాలనీ తెలుగు సంఘానికి కార్యదర్శి సన్యాసిరావు మావయ్య. చుట్టం కాదు, వాడకట్టు వరసలో మావయ్య. గార్డుగా చేసి రిటైరయ్యారు. మాట్లాడేటప్పుడు ఆయన కుడిచెయ్యి పచ్చజెండా ఊపినట్టు ఊగుతూనే ఉంటుంది. ఆయనకి ఎన్నాళ్ళ నుంచో ఒక కోరిక. మూడు తరాలుగా వర్క్‌షాపును నమ్ముకున్న మేము ఊళ్ళో ఉన్నాం. ఆంధ్రా, తెలంగాణల నుంచి చదువులకీ ఉద్యోగాలకీ వచ్చినవాళ్ళు ఊరి చివర హిజ్లీలో ఐఐటీ క్యాంపస్‌లో ఉన్నారు. ఈ రెండు రకాల తెలుగువాళ్ళూ ఒక్కసారైనా ఒక పంక్తిలో కూర్చుని తిన్నది లేదు.

"మనోళ్ళే కదేటి," అన్నారు మావయ్య. "పండగ పూట ఆ హాస్టలు రొట్టెలు తినడమేటి, పాపం. ఈ ఉగాదికి అందర్నీ పిలిసీద్దాం. సీటీలు రాసి పంపు."

"సీటీలెందుకు మావయ్యా? వాళ్ళందరూ కంప్యూటర్ల ముందే కూకుంటారు. నేను ఫారం చేసిస్తాను."

"ఫారమా? సర్వీసంతా ఫారాలు నింపీ నింపీ నా సేతి ఏళ్ళు అరిగిపోనాయి. మళ్ళీ ఫారమేటే?"

"ఇది కాయితం కాదు మావయ్యా. తెర మీదుంటాది."

"తెర మీదుంటే సంతకం ఎక్కడెడతారు?"

"సంతకం అక్కర్నేదు. నొక్కితే సాలు."

"నొక్కితే సాలా!" అని మావయ్య పచ్చజెండా ఊపేశారు.

అప్పట్లో తెరమీద తెలుగు అక్షరాలు కుదిరేవి కావు. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాశాను. మొదట పేరు పెట్టె. వరసలు అందంగా ఉండాలని దానికి పది అక్షరాలకి మించి పట్టకుండా కట్టడి పెట్టాను. తర్వాత హాస్టలు పేరు. ఆ తర్వాత నా కళాఖండం: "మీరు ఏ పనికి సాయం చేస్తారు?" అని ఒక జాబితా. వంట, వడ్డన, పందిరి, పాటలు, అన్నిటికన్నా అడుగున "భోజనానికి వస్తాం, అంతే". భోజనం లేని పండగేముంది, వంటే ముందుండాలని వంటని పైన పెట్టాను. ఎంత మర్యాదస్తురాలినో చూడండి.

క్యాంపస్‌లో ఎంటెక్ చదివే శ్రీనివాస్ అనే వరంగల్ కుర్రాడు ఆ పేజీని తన లాబ్ కంప్యూటర్లో పెట్టి అందరికీ కబురు చేశాడు. జవాబులన్నీ అతని ఈమెయిలుకే వచ్చాయి. వారం తర్వాత అచ్చు తీసిన కాగితాలు చదవకుండానే చుట్టచుట్టి, సైకిలు మీద తెచ్చి నా చేతిలో పెట్టి, క్లాసుందని వెళ్ళిపోయాడు.

ముప్పై ఎనిమిది మంది జవాబులు. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై ఒక్కమంది వంట చేస్తామన్నారు!

పరుగున మావయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క పేరూ చదివారు.

"ఓలమ్మా! ఇంత సదువుకున్నోళ్ళు గరిటె పడతామన్నారా? మనం అనుకున్నాం గానీ, ఎంత మంచోళ్ళే!" ఒక కాగితం దగ్గర ఆగిపోయారు. "ఈ వెంకటసబ్ ఎవడే? సబ్ ఇన్‌స్పెక్టరా?"

ఆయన లోహశాస్త్రం ప్రొఫెసరు వేంకటసుబ్రహ్మణ్యం గారు. నా పది అక్షరాల కట్టడికి ఆయన సగం బయటే నిలబడిపోయారు. ఆ సంగతి అప్పుడు నాకూ తెలియదు.

"పోలీసోళ్ళయితేనేటి మావయ్యా, వొంట సేత్తామన్నారు కదా," అన్నాను.

"మరి నిమాయికేటి సెప్తాం?"

నిమాయి దాదా బెంగాలీ. మా కాలనీ పెళ్ళిళ్ళకీ పండగలకీ ఇరవై ఏళ్ళుగా ఆయనే వంట. పులిహోరలో మా అమ్మ కన్నా బాగా ఇంగువ కుదిరేది ఆయన చేతికే. ఉగాదికి రమ్మని నెల ముందే చెప్పి ఉంచాం. ఇప్పుడు వద్దని చెప్పే పని నేనే నెత్తికెత్తుకున్నాను. సైకిలేసుకుని మలంచాలో వాళ్ళింటికి వెళ్ళి, కంప్యూటరంటే ఏమిటో, ఫారమంటే ఏమిటో, ముప్పై ఒక్కమంది అంటే ఎంతమందో సవిస్తరంగా చెప్పాను. ఇరవై ఏళ్ళు మాకు వండిపెట్టిన మనిషికి.

ఆయన అంతా విని, తనకి వచ్చిన తెలుగులో మూడే ప్రశ్నలు అడిగారు.

"పప్పు ఎవరు నానబెడతాడు?"

"వాళ్ళే దాదా."

"కొబ్బరి ఎవరు కోరుతాడు?"

"వాళ్ళే."

"గుండిగ ఎంత పెద్దది కావాలి, ఎవరైనా అడిగాడా?"

"అడగలేదు. అన్నీ ఫారంలో ఉన్నాయి కదా దాదా."

"ఠీక్ హై," అన్నారాయన. గడపలోంచి లోపలికి వెళ్ళిపోయారు. టీ తాగమని అనకపోవడం అదే మొదటిసారి. అది కూడా నాకు తట్టలేదు.

ఉగాది పొద్దున్న ఏడింటికే కాలనీ హాలు వెనక బొగ్గు పొయ్యిలు, గుండిగలు, సరుకులు అన్నీ సిద్ధం. వంటవాళ్ళు మాత్రం లేరు. ఎనిమిదయింది. తొమ్మిదయింది.

"వొంటోళ్ళు ఎన్నింటికొత్తారే?" అని మావయ్య.

"వచ్చేస్తారు మావయ్యా. క్యాంపస్ దూరం కదా."

తొమ్మిదిన్నరకి సైకిళ్ళు వచ్చాయి. దండుగా వచ్చాయి. ఇస్త్రీ చొక్కాలు, నున్నగా దువ్విన తలలు, పెళ్ళికొడుకుల్లా ఉన్నారు. ముందు శ్రీనివాస్.

"ఇంత ఆలస్యమేటండీ? పొయ్యిలు అంటించండి!" అన్నాను.

"పొయ్యా? నేనెందుకక్కా?"

"వొంటకి రాసినారు కదా!"

"నేనా? నేను తినడానికొచ్చిన. ఆకలి కాపాడుకుందామని పొద్దుగాల చాయ్ కూడా తాగలే."

కాగితం తీసి అతని ముక్కు కింద పెట్టాను. చదివి తల గోక్కున్నాడు.

"పేరు నాదే. కానీ వంట నేను పెట్టలే అక్కా. ఆడ అదే ఉండె."

"అదే ఉండడమేటి?"

"జాబితాల పైన అదే ఉన్నది కదా. నేను పేరు కొట్టిన, మీట నొక్కిన. గంతే."

నా కాళ్ళ కింద ప్లాట్‌ఫారం కదిలింది. మనం ఏమీ చెప్పకపోతే జాబితాలో మొదటి వరసే ఎంచుకున్నట్టు లెక్క. అడుగున ఉన్న "భోజనానికి వస్తాం, అంతే" పక్కన 'సెలెక్టెడ్' అని ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది. పోనీ, పైన ఒక ఖాళీ వరస పెట్టినా సరిపోయేది. ఆ ఏడో రోజు పాఠం అదేనట. జాబితా జోలికే పోని ముప్పై ఒక్కమంది అమాయకుల చేతికి నా ఫారం గరిటెలు ఇచ్చేసింది.

వెనక నుంచి పంచెకట్టులో ఒక పెద్దాయన ముందుకొచ్చారు. మన వెంకటసబ్ గారే.

"నా పేరు కూడా ఉందా అమ్మా?"

"ఉంది సార్. సగం ఉంది."

"ఇనుము కరిగించడం వచ్చు నాకు. పప్పు రాదు," అన్నారు ఎంతో నిజాయితీగా. "అయినా రాసినట్టుంది కనక చెయ్యాలి. ఏ పొయ్యి నాది?"

ఒకపక్క కాలనీ జనం పిల్లాపాపలతో వచ్చేస్తున్నారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మావయ్య నన్ను పక్కకి లాగారు. తిడతారనుకున్నాను. తిట్టాల్సిందే. ఈ పండగ ఆయన ఎన్నాళ్ళ కోరికో చెప్పాను కదా.

"ఏడవకే," అన్నారు. "ఇంజను ఫెయిలయితే గార్డు బండి దిగి పారిపోతాడేటి? సైకిలెక్కు. నిమాయి కాడికెళ్ళు. కాళ్ళు పట్టుకో."

నేను సైకిలెక్కుతుంటే ఆయన హాలు మెట్లెక్కి చెయ్యి ఊపుతూ అరవడం వినిపించింది: "బాబూ, అమ్మా! బోజనం లేటు! తప్పు నాది. కాయితం నేనే సరిగ్గా సదవనేదు. రిలీఫ్ ఇంజనొస్తాది, ఎవురూ కదలొద్దు!"

తప్పు తనదన్నారు. ఆ మాట చెవిలో పడ్డాక మలంచా దాకా నాకు రోడ్డు సరిగ్గా కనిపించలేదు.

నిమాయి దాదా ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నారు. పక్కన గరిటెలు, జల్లెళ్ళు, పెద్ద కత్తిపీట గోనెసంచిలో కట్టి ఉన్నాయి. ఇంటిముందు సామాన్ల రిక్షా కూడా ఉంది.

"దాదా, భూల్ హొయె గెఛే," అన్నాను, తప్పయిపోయిందని చెప్పడానికి వచ్చిన బెంగాలీ అంతా ఒక్క వాక్యంలో ఖర్చుపెట్టేసి.

"మాలూమ్. పది గంటలకి వస్తావు అనుకున్నా. పావుగంట లేటు."

"మీకెలా తెలుసు దాదా?"

"నిజం వంటవాడు ముందు ఏం అడుగుతాడు? గుండిగ ఎంత పెద్దది, అది అడుగుతాడు. ముప్పై ఒక్కమందిలో ఒక్కడు కూడా అడగలేదు. అంటే ఒక్కడు కూడా వంటవాడు కాదు." సంచి రిక్షాలో వేస్తూ ఆగారు. "కోపం వచ్చింది నాకు. చాలా. ఆ రోజు చెప్పొచ్చు. చెప్పలేదు. అది నా భూల్. చలో."

మేం వెళ్ళేసరికి ప్రొఫెసరు గారు పప్పు పొయ్యి మీదకి ఎక్కించేశారు. నిమాయి దాదా గరిటెతో అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకున్నారు.

"నమక్ ఎవరు వేశాడు?"

ప్రొఫెసరు గారు చెయ్యెత్తారు. ఇంకో ఇద్దరు విద్యార్థులూ ఎత్తారు. ఒకరికి తెలియకుండా ఒకరు, ముగ్గురూ ఉప్పు వేశారు.

ఆ పప్పులో గుమ్మడికాయ ముక్కలు, ములక్కాడలు, చింతపండు పులుసు, బోలెడు నీళ్ళు పోయించి నిమాయి దాదా దాన్ని సాంబారు చేశారు. ఆ తర్వాత నా ముప్పై ఒక్కమందినీ వరసగా కూర్చోబెట్టారు. ఈ పదిమంది వంకాయలు, ఆ పదిమంది కొబ్బరి, మిగిలినవాళ్ళు నీళ్ళు మోయడం. చేతకానివాళ్ళ పక్కన కాలనీ ఆడవాళ్ళు తమంతట తామే వచ్చి కూర్చున్నారు.

మా అమ్మ శ్రీనివాస్ పక్కన కూర్చుంది. "ఏటి బాబూ, వంకాయనలగ సెక్కుతావేటి, పెన్సిలా? ఇలగివ్వు. మీ అమ్మ నేర్పనేదా?"

"నేర్పుతనంటే నేనే ఇనలే, అత్తమ్మా."

అత్తమ్మ! వచ్చి రెండు గంటలు కాలేదు, వరస కలిపేశాడు. పొయ్యిలకి అటూ ఇటూ చూశాను. హిజ్లీ వాళ్ళెవరో, ఊరివాళ్ళెవరో తెలియడం లేదు. అందరి చొక్కాలకీ ఒకే బొగ్గుమసి. వేళకి వంట అయ్యుంటే వాళ్ళు ఒక పక్కా, మేం ఒక పక్కా కూర్చుని తిని, నమస్కారాలు పెట్టుకుని విడిపోయేవాళ్ళమేమో.

మూడున్నరకి విస్తళ్ళు వేశాం. అప్పటిదాకా ఒక్క మనిషి హాలు వదిలి వెళ్ళలేదు. ఆ ఆకలికి సాంబారు ఎంత రుచిగా ఉందో చెప్పలేను. నిమాయి దాదాని చివరి పంక్తిలో మా మధ్యలో కూర్చోబెట్టుకుని మావయ్యే స్వయంగా వడ్డించారు. నేను మజ్జిగ పోస్తుంటే దాదా గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి, "తినడం అయ్యాక ఇంటికి రా, టీ తాగుదాం," అన్నారు. నా మీద కోపం పోయిందని అలా తెలిసింది. ఆ ఉగాది తర్వాత ఆదివారాలు మా ఇంటి ముందు క్యాంపస్ సైకిళ్ళు ఎప్పుడూ నాలుగైనా ఉండేవి.

మరుసటి ఏడాది ఫారం మళ్ళీ నేనే చేశాను. మావయ్య పట్టుబట్టి నా చేతే చేయించారు. ఈసారి జాబితా పైన ఖాళీ వరస పెట్టాను. పేరు పెట్టెకి ఎంత పొడుగు పేరైనా పట్టేలా కట్టడి తీసేశాను. మొదటి జవాబు వేంకటసుబ్రహ్మణ్యం గారిది, పేరు పూర్తిగా వచ్చింది. దాని కింద: వంట.

పరుగున ఫోను బూత్‌కి వెళ్ళాను.

"సార్, మళ్ళీ ఏదో పొరపాటయినట్టుంది..."

"పొరపాటు కాదమ్మా. ఈసారి నేనే చూసి నొక్కాను."

ఆ కాగితం తీసుకెళ్ళి నిమాయి దాదాకి చూపించాను. ఎంతో సంతోషించారు. మడిచి జేబులో పెట్టుకుని, మెల్లిగా అన్నారు:

"రానివ్వు, మంచి మనిషి. నమక్ డబ్బా మాత్రం నువ్వు దాచిపెట్టు."

కాబట్టి చదువరులారా, సకల పొయ్యిల సాక్షిగా, పది అక్షరాల్లో పట్టని పేర్లన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నోరు విప్పని మనిషి తరఫున నేను జవాబు రాయను. అడగకుండా ఎవరి చేతికీ గరిటె ఇవ్వను. అడగకుండా ఎవరి చేతిలోంచీ గరిటె లాక్కోను.

జ్వరమొచ్చినా సరే, ఏడో రోజు క్లాసు ఎగ్గొట్టను.